పాటలో పున్నయ్య పేరు

మైకులో తన పేరు వినబడగానే డ్రమ్స్ సత్తిరాజు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. జనానికి దండం పెడదామని చేతులెత్తాడు. ఆ రెండు చేతులూ కలవకముందే కూలిపోయాడు.

రాయపూర్ దగ్గరి ఆరంగ్‌లో, మహానది వైపు వెళ్లే రోడ్డు పక్క మైదానంలో, పొద్దు గూకుతుండగా జరిగింది ఇది. తుపాకీ చప్పుడు ఎవరికీ వినబడలేదు. స్టేజీ మీద రాక్ బ్యాండు వాయిస్తుంటే పక్కన పిడుగు పడినా వినబడదు. చుట్టుపక్కల వాళ్లు గుండెపోటనుకుని మొహాన నీళ్లు చల్లారు. నుదుటి మీద చిన్న రంధ్రం కనబడ్డాక చల్లడం మానేశారు. పోలీసులొచ్చి శవాన్ని గబగబా తరలించి, గుండెపోటనే చెప్పారు. అలా చెప్పమని పైనుంచి ఫోన్ వచ్చింది.

సత్తిరాజు ప్రభుత్వం దాచిపెట్టిన సాక్షి. గడ్డం పెంచారు, పేరు మార్చారు, ఆరంగ్‌లో సైకిళ్లు బాగుచేసే కొట్టు పెట్టించారు. రెండేళ్లపాటు ఒక విదేశీ ముఠా అతని కోసం ఊరూరా గాలించి దొరకబుచ్చుకోలేకపోయింది. చివరికి స్టేజీ మీంచి పేరు పెట్టి పిలిచింది, అంతే. పాపం, వెంటనే పలికాడు.

మర్నాడు పొద్దున్నే ఏజెంట్ ఫణిశ్రీకి పిలుపొచ్చింది.

నయా రాయపూర్‌లో రోడ్లు వెడల్పు, మనుషులు పలచన. గూఢచారుల ఆఫీసుకి అంతకన్నా మంచి చోటు దొరకదు. బయట బోర్డు మీద భూసార పరీక్షా కేంద్రం అని హిందీలో ఉంటుంది. ఒకసారి ఒక రైతు నిజంగానే సంచీలో మట్టి తెస్తే, చీఫ్ మల్లేశ్వరరావు దాన్ని తీసుకుని, నత్రజని తక్కువగా ఉందని చెప్పి పంపించేశాడు. ఆయన పద్ధతే అది. తెలియని విషయాన్ని కూడా తెలిసినట్టే తేల్చేస్తాడు.

"బ్రీఫింగ్ చిన్నది" అన్నాడు చీఫ్, ఆమె కూర్చోకముందే. "కేసు నీకు తెలుసు. ఉర్లా వైపు ఫ్యాక్టరీలో సబ్‌మెరైన్ ప్లేట్ల శాంపిల్స్ దొంగిలించి దేశం దాటించిన విదేశీయుడు క్రేన్. వాడి మొహం చూసింది ఇద్దరే ఇద్దరు ఫిట్టర్లు. ఒకడు నిన్న పోయాడు. మిగిలింది పున్నయ్య. సోమవారం క్లోజ్డ్ కోర్టులో ఐడెంటిఫికేషన్. పున్నయ్య వేలెత్తి చూపించకపోతే క్రేన్ టూరిస్టు వీసా మీద దర్జాగా విమానం ఎక్కుతాడు."

ఫణిశ్రీకి పున్నయ్య తెలుసు. ఆమె ఈ రాయపూర్ పిల్లే. నాన్న గూడ్సు గార్డు. రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పుట్టి, శ్రీకాకుళం తెలుగూ రాయపూర్ హిందీ కలిపి మాట్లాడుతూ పెరిగింది. చిన్నప్పుడు వినాయకుడి పందిట్లో పాటలు పాడింది. వెనకాల బెంజో వాయించేవాడు పున్నయ్య మావయ్య. చుట్టం కాదు. కాలనీలో అందరూ ఎవరో ఒకరికి మావయ్యలే.

"ముఠాకి వాళ్ల కొత్త మొహాలు తెలియవు" అన్నాడు చీఫ్. "తెలియకుండానే సత్తిరాజుని ఎలా పట్టారో నువ్వు చెప్పాలి. మీ కాలనీ సంగతి."

ఆమె చెప్పింది. ఆ కాలనీ ఆర్కెస్ట్రాలో ఒక ఆచారం ఉంది. కచేరీ చివర హాజరీ చదువుతారు. ముందు పోయినవాళ్ల పేర్లు. అప్పుడు జనమంతా లేచి నిలబడతారు, చప్పట్లు కొట్టరు. తరవాత జనం కూర్చుంటారు, బతికున్న కళాకారుల పేర్లు పిలుస్తారు. ఎవరి పేరు పిలిస్తే వాళ్లొక్కరే లేవాలి, దండం పెట్టాలి. పిలిచినా లేవకపోతే స్టేజీని తిట్టినంత తప్పు. జ్వరంతో మూలుగుతున్నవాడైనా లేస్తాడు, పెళ్లాంతో అబద్ధమాడి కచేరీకి వచ్చినవాడైనా లేస్తాడు.

"కాలనీ కుర్రాడు హేమంత్ దాన్ని రాక్ పాట చేశాడు సర్. పెద్ద పెద్ద స్టార్ల పేర్లు అందరూ పాడతారు, నేను ఎవరూ పాడనివాళ్లవి పాడతానన్నాడు. రేడియో రుక్కమ్మ, స్టెప్పుల సింహాద్రి, డిస్కో దమయంతి. అందరూ పోయినవాళ్లే. మొన్నమొన్నటిదాకా ఒక్కటే చరణం. రెండో చరణం కొత్తది. అందులో బతికున్నవాళ్లున్నారు."

"ఆ రెండో చరణం ఐడియా నీలిమది. అతని షోలన్నీ ఆమే ఆర్గనైజ్ చేస్తుంది. ముఠాలో మన అసెట్."

"మనదేనా సర్?"

"మనది కూడా" అన్నాడు చీఫ్, ఏమాత్రం తడుముకోకుండా. "శనివారం సాయంత్రం ఇక్కడే ఓపెన్ గ్రౌండులో షో. పోస్టర్ల మీద పున్నయ్య పేరు వేయించింది. షూటర్ కచ్చితంగా వస్తాడు. పున్నయ్య కూడా రావాలి. మన బండి పంపుతాను. పేరు పిలిచినప్పుడు ఆయన లేవాలి. ఆయన లేస్తేనే షూటర్ పొజిషన్ దొరుకుతుంది. షూటర్ చేతికి చిక్కితే క్రేన్ మీద కేసు దానంతటదే నిలబడుతుంది."

"పున్నయ్య పోతే?"

"చెప్పాను కదా. కేసు నిలబడుతుంది. అయినా బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ ఇస్తున్నాం."

"సత్తిరాజుకి నుదుటి మీద తగిలింది సర్."

చీఫ్ కాసేపు ఆలోచించాడు. "టోపీ కూడా ఇద్దాం" అన్నాడు.

పన్నెండేళ్ల సర్వీసులో ఫణిశ్రీ ఈ మనిషి చెప్పిన ప్రతి పనీ చేసింది. ఈ పని మాత్రం అతని లెక్క ప్రకారం చేయకూడదని అక్కడ కూర్చునే నిర్ణయించుకుంది.

శంకర్ నగర్‌లో ఒక ఆఫీసు బిల్డింగు గేటు దగ్గర, ఖాకీ చొక్కా వేసుకుని, వాచ్‌మన్ రామ్‌లాల్ కూర్చుని ఉన్నాడు. డిపార్ట్‌మెంటు డాక్టరు ఆయన ముక్కు మార్చాడు, దవడ మార్చాడు, ముందుపన్ను తీసేశాడు. వేళ్లు మాత్రం పాతవే. కుర్చీ చేతి మీద ఊరికే ఆడుతూనే ఉన్నాయి.

"మావయ్యా" అంది ఫణిశ్రీ, అడ్రసు అడుగుతున్నట్టు నిలబడి. "సత్తిరాజు పోయాడు."

వేళ్లు ఆగిపోయాయి. గేటు వైపు చూస్తూనే అడిగాడు పున్నయ్య.

"హాజరీలోనా?"

"అవును. చంపేశారు."

"పేరు పిలిసినారా?"

"పిలిచారు."

"లెగిసినాడా?"

"లేచాడు మావయ్యా."

"సప్పట్లు కొట్టినారా?"

"టైము లేకపోయింది" అంది.

పున్నయ్య తలూపాడు. గేటులోకి వస్తున్న కారుకి లేచి సెల్యూట్ కొట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"శనివారం నువ్వు రాకు మావయ్యా. మా వాళ్లు బండి పంపినా ఎక్కకు. ఒంట్లో బాగాలేదని చెప్పు."

"వొస్తాను."

"నీ పేరు పిలిచేది నిన్ను కాల్చడానికే."

"మాలూమ్ పాపా. నువ్వు సెప్పక ముందే మాలూమ్." ఆయన గొంతు తగ్గించాడు. "ఓ మాట సెప్పు. మన ఆర్కెస్ట్రా పోస్టర్ల మీద ఏటుండీది? గాయకుడు ఫలానా, గాయని ఫలానా, అండ్ పార్టీ. నాను నలభై ఏళ్లు ఆ అండ్ పార్టీలో బతికినాను. హాజరీలో పాడినోళ్ల పేర్లే పిలిసీవోరు. ఎనకాల వాయించినోడి పేరు ఒక్కపాలీ పిలవలేదు. ఈ హేమంత్ బాబు పిలుస్తానంటన్నాడు. ముక్కు పోయింది, మూతి పోయింది, ఇల్లు పోయింది. ఆ పేరొక్కటే మిగిలింది నాకు. బస్, ఒక్కసారి లెగుస్తాను."

"అత్త గురించైనా ఆలోచించు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన కళ్లు తడి అయ్యాయి. "అదెలగుంది?" అన్నాడు. రెండేళ్లయింది ఆయన భార్య అప్పలనరసమ్మని చూసి. ఎక్కడో బతికే ఉన్నాడని మాత్రం డిపార్ట్‌మెంటు ఆవిడకి చెప్పింది. అంతకుమించి చెప్పలేదు.

"బాగుంది" అంది ఫణిశ్రీ. ఇక అక్కడ నిలబడలేకపోయింది.

ఆయన్ని ఆపడం ఆమె వల్ల కాదు. చీఫ్ బండి రావడం ఆపడమూ ఆమె వల్ల కాదు. మిగిలింది పాట.

హేమంత్ కాలనీ వెనక ఒక పాత గ్యారేజీలో రిహార్సల్ చేస్తున్నాడు. లోకో పైలట్ కొడుకు. భుజాల దాకా జుట్టు, చిరిగిన జీన్సు. పక్కన నీలిమ ఉంది. తెల్ల కుర్తా, నల్ల కళ్లద్దాలు, ఆవిడ తిరిగినచోటల్లా ఖరీదైన సెంటు వాసన. అందం విషయంలో పేచీ లేదు. రెండు దేశాల వాళ్లు ఆమె తమ మనిషేనని నమ్ముతున్నారంటే ఊరికే కాదు.

"ఓ, మట్టి పరీక్షలామె" అంది నీలిమ నవ్వుతూ. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. "శనివారం లైట్ల టవర్ మీద నువ్వే కదా. ఫాలో స్పాట్ నీ చేతిలో ఉంటుంది. రెండో చరణంలో ఎవరు లేస్తే వాళ్ల మొహం మీద పడాలి లైటు. ఆర్టిస్టుకి అదొక గౌరవం."

"తప్పకుండా" అంది ఫణిశ్రీ.

నీలిమ కారు వెళ్లిపోయాక హేమంత్‌ని గోడ దగ్గరికి తీసుకెళ్లి, సత్తిరాజుది గుండెపోటు కాదని చెప్పింది. అతను గిటారు కింద పెట్టేశాడు.

"నా పాట దీదీ. నా పాటలో చచ్చిపోయాడు."

"ఏడుపు తరవాత. ముందు నా మాట విను. పున్నయ్య పేరు మొదటి చరణంలో పాడాలి. పోయినవాళ్లతో కలిపి."

హేమంత్ ఆమెని వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "బతికున్న మనిషిని పోయినవాళ్లలో ఎలా పాడతాను? నాకు గిటారు కార్డ్సు నేర్పినోడు దీదీ. నోరు పడిపోతుంది నాకు. పేరు తీసేస్తాను. షో క్యాన్సిల్ చేసేస్తాను."

"చేస్తే ఇంకో చోట, ఇంకో పద్ధతిలో వెతుకుతారు. ఆ ముఠా అలిసిపోయేది కాదు. చచ్చాడనుకుంటేనే వదిలేస్తారు. ఒక్కడే లేస్తే కాలుస్తారు. వెయ్యిమంది లేచి నిలబడినప్పుడు పేరు పిలిస్తే ఎవణ్ణి కాలుస్తారు? నీలిమకి ముందుగా తెలియకూడదు. స్టేజీ మీదే మార్చు."

హేమంత్ గిటారు మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. "మరి అత్తమ్మ?" అన్నాడు. "ఆవిడ వింటే?"

"ఆవిడకి నేను చెప్పుకుంటాను. అదే రోజు వెళ్లి చెప్తాను."

ఆ మాట అన్నప్పుడు ఫణిశ్రీ మనస్ఫూర్తిగానే అంది.

శనివారం పొద్దు వాలేసరికి మైదానం నిండిపోయింది. రాయపూర్ నుంచి, భిలాయి నుంచి బస్సుల్లో వచ్చారు. ముందు వరసల్లో కాలనీ తెలుగువాళ్లు, వెనక కాలేజీ పిల్లలు, పక్కన కెమెరాలవాళ్ల గుంపు. లోకల్ చానెళ్లు, యూట్యూబ్ కుర్రాళ్లు, చిన్న ఊళ్ల రాక్ సంగీతం మీద డాక్యుమెంటరీ తీస్తున్నామని చెప్పుకునే విదేశీ బృందం ఒకటి. షూటర్ వాళ్లలో ఎవడైనా కావచ్చు, పానీపూరీ బండివాడైనా కావచ్చు.

ఫణిశ్రీ నల్ల టీషర్టు, తలకిందులుగా పెట్టుకున్న టోపీతో టవర్ మీద ఉంది. డిపార్ట్‌మెంటు ఇచ్చిన కళ్లజోడుకి జూమ్ ఉంది. టార్చిలైటులో మత్తుసూది ఉంది, ఈ దూరానికి అది దోమల్ని కూడా బెదిరించలేదు. ఎడమ చెవిలో చీఫ్, కుడి చెవిలో నీలిమ.

"గార్డ్, పార్సెల్ దిగింది. మూడో బ్లాకు" అన్నాడు చీఫ్. గార్డ్ ఆమె కోడ్ పేరు, పార్సెల్ పున్నయ్య.

కళ్లజోడు తిప్పింది. పున్నయ్య కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. చీఫ్ ఇచ్చిన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తల దువ్వుకున్నాడు. ఇస్త్రీ చొక్కా.

ఆయనకి కొంచెం ముందు, దారి పక్క కుర్చీలో, అప్పలనరసమ్మ కనబడింది.

ఆవిడ పచ్చ పట్టుచీర కట్టుకుంది. తలనిండా పువ్వులు, రూపాయంత బొట్టు. స్టేజీ వైపు చూడటమే లేదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి జనాన్ని వెతుకుతోంది. పోస్టరు ఆవిడా చూసింది. పేరు పిలిస్తే తన మనిషి ఎక్కడున్నా లేస్తాడని ఆవిడకి తెలుసు. మొహం మారినా సరే, లేచినవాడే తన మొగుడు. ఒక్కసారి కళ్లారా చూసుకుందామని సింగారించుకుని వచ్చింది.

హేమంత్‌కి సైగ చేసి ఆపేయవచ్చు. చెయ్యి కదిలింది కూడా. ఆపేస్తే పేరు రెండో చరణంలో పడుతుంది, పున్నయ్య ఒక్కడే లేస్తాడు. ఫణిశ్రీ చెయ్యి వెనక్కి తీసుకుంది. అంత నీచమైన పని తను ఎప్పుడూ చేయలేదనుకుంది, చేసింది.

గిటారు మొదలైంది. జనమంతా లేచి నిలబడ్డారు.

"రేడియో రుక్కమ్మా, హాజర్ హో" అని పాడాడు హేమంత్. డ్రమ్ము ఒక్కసారి మోగి ఆగింది. "స్టెప్పుల సింహాద్రీ, హాజర్ హో. సినిమా హాలు గేటు కాడ నీ చిందు ఇంకా ఆగలేదో."

విదేశీ బృందం కూడా మర్యాదగా లేచింది. ఆరంగ్‌లో చూసి నేర్చుకున్నారు కాబోలు.

"ఇప్పుడు స్పాట్ వద్దు" అంది నీలిమ కుడి చెవిలో. "రెండో చరణానికి రెడీగా ఉండు."

"డిస్కో దమయంతీ, హాజర్ హో." ఆ పేరుతో చరణం అయిపోవాలి. జనం కూర్చోబోయారు. హేమంత్ గిటారు ఆపలేదు. కళ్లు మూసుకున్నాడు. అతని గొంతు ఎప్పుడూ లేనంత సన్నగా వచ్చింది.

"బెంజో పున్నయ్యా, హాజర్ హో."

కాలనీ వరసల్లోంచి అయ్యో అన్న మూలుగు లేచింది. కూర్చోబోయినవాళ్లు మళ్లీ నిటారుగా నిలబడ్డారు. కుడి చెవిలో నీలిమ గొంతు మారిపోయింది. "ఏంటిది? ఆ పేరు ఇప్పుడు కాదే. స్పాట్ వెయ్యి, ఎవరి మీద... ఎవరైనా సరే వెయ్యి."

మూడో బ్లాకులో పున్నయ్య చేతులు పైకి లేచాయి. నలభై ఏళ్లు ఎదురుచూసిన చేతులు, ఆయన మాట వినలేదు. దండం పెట్టడానికి గుండెల దాకా వచ్చాక ఆయన అటూఇటూ చూశాడు. తన పేరు ఎక్కడ పిలిచారో అప్పుడు అర్థమైంది. చేతులు మెల్లగా దించుకుని, అందరిలాగే తల వంచి నిలబడ్డాడు.

ఆ కదలిక ఇంకొకడు కూడా చూశాడు. జనమంతా నిలబడి ఉండగా, కెమెరాల గుంపులో ఒక్కడు గబుక్కున స్టూలు మీద కూర్చున్నాడు. అతని పొడవాటి లెన్సు నెమ్మదిగా మూడో బ్లాకు వైపు తిరుగుతోంది.

నీలిమ వెయ్యమన్న స్పాట్ ఫణిశ్రీ వేసింది. రెండు కిలోవాట్ల లైటు నేరుగా ఆ లెన్సులోకి కొట్టింది. వాడు కళ్లు పట్టుకుని కెవ్వుమన్నాడు. లెన్సులోంచి బుల్లెట్ బయటికొచ్చి, స్టేజీ పక్క స్పీకరులో దిగి, దాని గొంతు నొక్కేసింది. చీఫ్ మనుషులు లైటు పడినచోటికి దూకారు. జనం స్పీకరు పేలిందనుకున్నారు.

హేమంత్ పాడుతూనే ఉన్నాడు. జనం ఇంకా నిలబడే ఉన్నారు. ఆ మైదానంలో అప్పుడు రెండో మనిషి కూర్చుండిపోయింది. అప్పలనరసమ్మ. పక్కింటావిడ ఆవిడ భుజం పట్టుకుంది.

సోమవారం క్లోజ్డ్ కోర్టులో పున్నయ్య వేలెత్తి క్రేన్‌ని చూపించాడు. షూటర్ అన్నీ కక్కేశాడు. ఢిల్లీ నుంచి చీఫ్‌కి అభినందనలు వచ్చాయి. ఆర్డరు మీరిందని ఫణిశ్రీని తిడదామనుకున్న మనిషి, ప్లాను తనదేనని పైకి చెప్పేసుకోవడంతో తిట్టలేకపోయాడు.

"క్రేన్ లోపలున్నాడు గానీ ముఠా బయటే ఉంది" అన్నాడు. "పున్నయ్య ఏడాది కిందటే కామెర్లతో పోయాడని నీలిమ వాళ్లకి కబురు మోసింది. కోర్టులో చూపించింది వేరే సాక్షి అని నమ్మించింది. షూటర్‌ని పట్టించడంలో ఆమె సహకారం మరవలేనిదని నోట్ కూడా పెట్టాను."

"లైటు పున్నయ్య మీద వెయ్యమంది సర్ ఆవిడ."

"వెయ్యమంది. దొరికింది షూటర్. రిజల్టు ముఖ్యం."

ఫణిశ్రీ ఆ మాటని దిగమింగుకుంది. "అప్పలనరసమ్మ గారికి నేను నిజం చెప్తాను. ఆవిడకి ఒక్కదానికే."

"ఒక్కదానికి చెప్పినా ఆవిడ ఏడవదు" అన్నాడు చీఫ్. "వాళ్ల మనిషి ఒకడు ఆ ఇంటి మీద కన్నేసి ఉంచాడు. ఆవిడ ఏడవకపోతే మొగుడు బతికున్నట్టు లెక్క. నీ ఇష్టం."

ఆయన మీద ఉమ్మేయాలనిపించింది. ఇంకా అసహ్యమేమిటంటే, ఆయన చెప్పింది నిజం.

కాలనీ వెనక గల్లీలో ఆ ఇల్లు. వాకిట్లో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎదురు పాన్‌షాపులో ఒక కొత్త మనిషి సిగరెట్ కాలుస్తున్నాడు. అప్పలనరసమ్మ ఫణిశ్రీని వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు వేసింది. ఇంకా బొట్టు తీయలేదు. గాజులు తీయలేదు.

"నువ్వు మట్టి పరీక్ష సేస్తావని మీ నాయిన సెప్పీవోడు. నాను ఎప్పుడూ నమ్మలేదే ఫణీ. నీకు తెలిసే ఉంటాది. హేమంత్‌ని అడిగితే ఏడుస్తన్నాడు గానీ మాటాడ్డు. వీళ్లందరూ గాజులు తియ్యమంటన్నారు. నువ్వు సెప్పు. నువ్వు సెప్పినట్టే సేస్తాను. ఉన్నాడా, లేడా?"

ఫణిశ్రీకి అబద్ధమాడటంలో మూడు నెలల ట్రైనింగు ఇచ్చారు. కళ్లలోకి చూడాలి, రెప్ప వేయకూడదు, తక్కువ మాటలు వాడాలి.

"లేడత్తా."

"ఎప్పుడు?"

"పోయిన ఏడాది. కామెర్లు."

అప్పలనరసమ్మ స్టవ్ గట్టు పట్టుకుంది. "దగ్గిర ఎవలైనా ఉన్నారా?"

"నేనున్నాను."

"ఏటైనా అన్నాడా?"

"నిన్ను అడిగాడు" అంది ఫణిశ్రీ. "ఎలా ఉందని అడిగాడు."

ఆవిడ ఏడుపు పాన్‌షాపు దాకా వినబడింది. కొత్త మనిషి సిగరెట్ పారేసి, ఫోన్ తీసి ఎవరికో ఏదో చెప్పి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆపరేషన్ పూర్తయింది. రిపోర్టులో మనవైపు నష్టం నిల్ అని చీఫ్ రాశాడు.

చలికాలం పోయాక ఒక సాయంత్రం ఫణిశ్రీ శంకర్ నగర్ మీదుగా వెళ్తూ ఆ గేటు దగ్గర ఆగింది. వాచ్‌మన్ రామ్‌లాల్ లేచి సెల్యూట్ కొట్టాడు. తనేనని చూసి కూర్చున్నాడు. ఇద్దరూ కాసేపు ఎండ గురించి మాట్లాడుకున్నారు.

"కాలనీలో పున్నయ్య సంస్మరణ కచేరీ పెట్టినారు" అన్నాడు ఆయన ఉన్నట్టుండి. "నా డ్యూటీ ఎవడికో అప్పగించి ఎల్లినాను."

"మావయ్యా, అలా వెళ్లకూడదు."

"ఎవలు గుర్తుపడతారు? స్టేజీ మీద ఫొటో పెట్టి దండేసినారు. పాత మొహం. బాగున్నాడు. పెద్ద పెద్దోళ్లు లెగిసి మాటాడినారు, బెంజోకి ఇజ్జత్ తెచ్చినోడంట. వాయించిన కుర్రోడు శ్రుతి సూసుకోలేదు, అదొక్కటే బాధ."

ఆయన వేళ్లు కుర్చీ చేతి మీద ఆడాయి, ఆగాయి.

"మీ అత్త ముందు వరసలో కూకుంది. అయిపోయాక దారిలో జనం. నాను దారికి అడ్డంగా నిలబడిపోయినాను. ఎదురుగా వొచ్చింది. జరగండి బాబూ అంది."

"నువ్వేం చేశావు మావయ్యా?"

గేటు బయట కారు హారన్ కొట్టింది. పున్నయ్య లేచి టోపీ సర్దుకున్నాడు.

"ఏటి సేస్తాను" అన్నాడు. "జరిగినాను."